మిద్దెపై రబ్బరు దుప్పటి

ఇంటి కప్పు కారినప్పుడు మనము వానను నిందింతుము. కప్పును పాడుచేయునది నిజమునకు వాన కాదు, ఎండ. వాన సంవత్సరములో కొన్ని మాసములు కురిసి పోవును. ఎండ పన్నెండు మాసములును మిద్దెను విడువదు. ఎండ చేసిన గాయమును వాన వచ్చి మనకు చూపును, అంతమాత్రమే.

ఆ గాయము ఎట్లు కలుగునో చూడుడు. వేసవి మధ్యాహ్నము ముదురు రంగు కప్పు పైభాగము 70 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కుట కద్దు. తెల్లవారుజామునకు అదే కప్పు 30 డిగ్రీల లోపునకు దిగును. కాంక్రీటు వేడికి సాగును, చల్లదనమునకు ముడుచుకొనును. పది మీటర్ల పొడవు గల శ్లాబు 30 డిగ్రీల మార్పునకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరిగి తరుగును. కందిబద్దంత కదలికయే గదా యని తోచవచ్చును. కాని అది ప్రతిదినమును జరుగును. శ్లాబు కదలినంతగా పిట్టగోడ కదలదు. ఆ రెండును కలియుచోట సన్నని గీత పడును. గీతలోనుండి నీరు దిగి లోపలి ఇనుప చువ్వకు తుప్పు పట్టించును. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా ఊడదీయును. గదిలో తడి మరక కనబడు నాటికి ఈ వ్యవహారము చాలకాలముగా సాగుచుండును.

మన పూర్వులకు ఈ కదలిక సంగతి అనుభవమున తెలియును. రాయలసీమలో మట్టిమిద్దెలపై చవుటిమన్ను పరచెడివారు. పంటకు పనికిరాని ఆ మన్ను కప్పునకు మిక్కిలి యోగ్యమైనది. అందులోని సోడియము లవణముల మూలమున, తడి తగిలినంతనే మట్టిరేణువులు విడివడి ఉబ్బి సందులను తామే పూడ్చుకొనును. మదరాసు మిద్దె అని ఇంజనీర్లు పిలుచు కప్పునందు, టేకు దూలములపై ఇటుకలు నిలువుగా పేర్చి, ఇటుకముక్కలు కలిపిన సున్నము దట్టించెడివారు. డంగులో నూరిన సున్నమునకు కరక్కాయ నీరును బెల్లపు నీరును చేర్చుటయు ఉండెను. ఈ కప్పులు కొంచెము కదలినను సర్దుకొనునవి. సిమెంటు కాంక్రీటు వానికంటె ఎన్నో రెట్లు బలమైనది గాని సర్దుబాటు ఎరుగదు. బలముతోపాటు మొండితనమును వచ్చినది.

ఆ మొండితనమునకు విరుగుడుగా లోకము మొదట పట్టినది తారు. తారు పూసిన అట్టలను పొరలు పొరలుగా అంటించి కప్పులకు వేయుట నేటికిని ఉన్నది. మంచి పనివాడు వేసిన తారుకప్పు చాలకాలమే నిలుచును. కాని ఎండకు తారులోని తేలిక నూనెలు ఆవిరియగును. మిగిలినది గాలిలోని ఆమ్లజనితో కలిసి పెళుసెక్కును. తుదకు ఎండిన చెరువు మన్నువలె నెరియలు విచ్చును. ఇక డబ్బాలలో అమ్ముడుపోవు రంగుపూతలున్నవి. వీనిలో కొన్నిటికి రబ్బరు పేరును తగిలింతురు. పేరు చూచి ఇవి అన్నియు రబ్బరని భ్రమింపరాదు. చాలవరకు ఇవి ఆక్రిలికు మొదలగు పదార్థములతో చేసిన పూతలు. వానికిని ప్రయోజనము లేకపోలేదు. కాని నేను చెప్పబోవు వస్తువు వేరు.

పూతకును పట్టాకును గల భేదము ఒక చిన్న లెక్కవలన తెలియును. శ్లాబులో నేడు క్రొత్తగా ఒక పగులు పుట్టి అర మిల్లీమీటరు తెరచుకొన్నదనుకొనుడు. పైనున్న పూత ఇరుప్రక్కల కాంక్రీటును గట్టిగా పట్టుకొని యున్నది. కావున సాగవలసినది పగులునకు సరిగా మీదనున్న పూత మాత్రమే. నిన్న ఆ భాగపు వెడల్పు సున్న. నేడు అర మిల్లీమీటరు. పలుచని పూతకు అంత చిన్న చోట అంత సాగుడు అసాధ్యము. అందుచేతనే కొత్తగా పూసిన మిద్దెపై పాత పగులు మరల పైకి తేలును. విడిగా పరచిన పట్టా అట్లు కాదు. అదే కదలికను అది మూరెడు మేర పంచుకొనును. దానికి ఆ కదలిక లెక్కకు రాదు. జిగురుతో అంటించిన పట్టా సైతము, తన మందమువలనను జిగురు మెత్తదనమువలనను, పూతకంటె మేలుగా ఓర్చుకొనును.

అట్లయిన రబ్బరు చెట్టు పాలతోనే పట్టా చేసి పరచరాదా యని ప్రశ్న వచ్చును. రబ్బరుతో వానను ఆపు యత్నము కొత్తది కాదు. 1823లో చార్లెస్ మాకిన్‌టాష్ అను స్కాట్లండు దేశీయుడు రెండు గుడ్డల నడుమ రబ్బరు పూసి వానకోటు బట్టను తయారుచేసెను. అది వేడికి జిగటగా, చలికి బిరుసుగా మారెడిది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో కలిపి వేడిచేసినచో రబ్బరు ఆ రెండు దోషములను విడుచునని కనుగొనెను. రబ్బరు అణువులు పొడవైన గొలుసులు. గంధకము ఆ గొలుసులను అక్కడక్కడ ముడివేయును. సాగదీసి విడిచినప్పుడు పూర్వరూపమునకు వచ్చు గుణము ఆ ముడుల మూలమున స్థిరపడును.

గంధకము ముడి వేయుటకు ఒక కొక్కెము కావలెను గదా. చెట్టు రబ్బరు గొలుసులో ప్రతి కొలికియందును రసాయన శాస్త్రజ్ఞులు జంట బంధమని పిలుచు ఒక చోటు కలదు. గంధకము పట్టునది ఆ చోటుననే. దురదృష్టవశమున ఓజోను వాయువు పట్టునదియు అచ్చటనే. ఈ వాయువునకు షోన్‌బైన్ అను పండితుడు స్విట్జర్లండులోని బేసెల్ నగరమున పేరు పెట్టినది 1840లో. రబ్బరు గట్టిపడిన మరుసటి యేటనే దాని శత్రువునకు నామకరణము జరిగినదన్నమాట! ఆకాశమున మిక్కిలి ఎత్తున మనకు గొడుగు పట్టు ఓజోనే నేలమట్టమున నూరుకోట్ల వంతులలో కొన్ని పదుల వంతులు మాత్రము ఉండియు, రబ్బరు గొలుసును జంట బంధము కడ తెగగొట్టగలదు. గొలుసు నడుమ తెగిన పిమ్మట మిగులునదేమి?

దీనిని ఇంటిలోనే పరీక్షింపవచ్చును. రెండు రబ్బరు బ్యాండులను తీసికొనుడు. ఒకదానిని డబ్బాకు బిగుతుగా చుట్టి వరండాలో నీడను ఉంచుడు. రెండవదానిని దాని ప్రక్కనే వదులుగా పడవేయుడు. కొన్నాళ్ళకు బిగించిన బ్యాండుపై అడ్డముగా సన్నని చీలికలు పడును. వదులుగా ఉన్నది చాలవరకు బాగుండును. ఓజోను చీల్చునది ముఖ్యముగా లాగబడి యున్న రబ్బరును. ఆ చీలికలు లాగిన దిక్కునకు అడ్డముగా పడుట దాని గుర్తు. మిద్దెపై పరచిన పట్టాయో, మూలల మడతలందును అతుకులకడను ఎల్లప్పుడును కొంత లాగబడియే ఉండును. చెట్టు రబ్బరు మన మిద్దెలపై ఎక్కువకాలము నిలువదనుటకు కారణమిదియే.

గొలుసులో జంట బంధములు తగ్గించినచో ఓజోనునకు దారి తగ్గును. 1937లో అమెరికాలో స్టాండర్డు ఆయిలు కంపెనీ రసాయనికులు స్పార్క్స్, థామస్ అనువారు కనుగొన్న బ్యూటైల్ రబ్బరు ఇట్టిది. అందు జంట బంధములు మిక్కిలి స్వల్పము. 1942లో మలయా, తూర్పు ఇండీస్ దీవులు జపాను వశమై చెట్టు రబ్బరు రాక ఆగిపోయినప్పుడు కృత్రిమ రబ్బరుల తయారీకి అమెరికా పూనుకొన్నది. బ్యూటైలును అందులో చేరినది. గాలిని బాగుగా పట్టియుంచుటచే అది మోటారు ట్యూబులకు ప్రసిద్ధమైనది. నీటిగుంటలకు, కప్పులకు కూడ దానిని వాడిరి.

అసలైన మార్గము మరొక దిక్కునుండి తెరచుకొన్నది. 1953లో జర్మనీయందు కార్ల్ జీగ్లర్ అల్యూమినియము, టైటానియము సమ్మేళనముల సాయమున ఎథిలీను వాయువును సాధారణ పీడనముననే పొడుగు గొలుసులుగా మార్చెను. మరుసటి సంవత్సరము ఇటలీలోని మిలాను నగరమున జూలియో నట్టా ప్రోపిలీనుతో అట్టి పనియే చేసెను. ఇరువురకును కలిపి 1963లో నోబెలు బహుమానము వచ్చినది. ఎథిలీను గొలుసు పాలిథీను; మన ఇండ్లకు పాలసంచిగా వచ్చునది. ప్రోపిలీను గొలుసు పాలిప్రోపిలీను. సిమెంటు బస్తాలు నేయునది దానితోనే. రెండును సాగి తిరిగి ముడుచుకొనునవి కావు. వాని గొలుసులు బారులు తీరి సర్దుకొని బిరుసైన స్ఫటికములుగా కూడును. కాని ఆ రెండు వాయువులను కలిపి ఒకే గొలుసున క్రమము లేకుండ గ్రుచ్చినచో, గొలుసులు బారులు తీరలేవు. స్ఫటికము కట్టవు. వచ్చునది రబ్బరు! పాలసంచికిని సిమెంటు బస్తాకును పుట్టిన బిడ్డ రబ్బరగుట నాకు ఎన్నిమారులు తలచుకొన్నను వింతగనే ఉండును.

ఈ రబ్బరు గొలుసున జంట బంధము ఒక్కటియు లేదు. ఓజోను వచ్చి పట్టుకొనుటకు చోటు లేదు. అయితే గంధకమునకును చోటు లేదు, ముడులు పడవు. ఈ చిక్కునకు రసాయనికులు చేసిన ఉపాయము మెచ్చదగినది. డయీను అను మూడవ పదార్థమును కొద్దిగా కలిపిరి. దానికి రెండు జంట బంధములున్నవి. ఒకటి గొలుసులో చేరుటలో ఖర్చగును; రెండవది గొలుసు ప్రక్కన లోలకువలె వ్రేలాడును. గంధకము లోలకును పట్టి ముడివేయును. ఎప్పుడైన ఓజోను వచ్చి ఆ లోలకును తెంపినను ప్రధానమైన గొలుసు తెగదు. ఎథిలీను, ప్రోపిలీను, డయీను అను పేర్ల మొదటి అక్షరములు కలిపి, గొలుసు నడుమ జంట బంధములు లేని జాతికి గుర్తుగా చివర ఒక అక్షరము చేర్చి, దీనిని ఇ.పి.డి.ఎమ్. అందురు. కారు తలుపుల అంచులకు వానచినుకు రాకుండ తొడుగు నల్లని రబ్బరు పట్టీ సాధారణముగా ఇదియే.

పట్టాలో అసలు రబ్బరు సగముకన్న తక్కువ. మిగిలినది మసి, నూనె మొదలగునవి. మసి రంగుకొరకు మాత్రమే గాదు: ఎండలోని అతినీలలోహిత కిరణములను అది తానే మ్రింగి రబ్బరును కాపాడును, బలమును ఇచ్చును. తెల్లని పట్టాలలో మసికి బదులు టైటానియము ఆక్సైడు ఉండును. ఎండను తిప్పికొట్టుటచే మనవంటి ఉష్ణదేశములకు అవి చల్లన. పట్టా మందము సాధారణముగా 1.1 మిల్లీమీటరు, లేదా 1.5, మిక్కిలి మందమైనది 2.3. లోపల నూలు జాలము లేని రకమునకు అమెరికా ప్రమాణము ప్రకారము మూరెడు ముక్క నాలుగు మూరలగు వరకు తెగరాదు. సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలోను అది పెళుసెక్కదు. వెడల్పు 50 అడుగులు, పొడవు 200 అడుగుల వరకు ఒకే దుప్పటిగా దొరకును. 1960 దశకమున అమెరికాలో దీనిని కప్పులపై పరచ నారంభించిరి. 1973లో చమురు ధర విపరీతముగా పెరిగి దానితో తారు ధరయు పెరుగగా, దీని వాడుక విస్తరించినది. ముప్పది సంవత్సరములు దాటి పనిచేసిన కప్పులు ఆ దేశమున కలవు.

ఇంతవరకు చదివినవారు ఇక కప్పు సమస్య తీరినదని అనుకొనవచ్చును. తీరలేదు. పట్టా చెడదు గాని అతుకు చెడును. గొలుసులకు ముడులు వేసిన రబ్బరు మరల కరుగదు. ప్లాస్టికు పట్టాలనైతే వేడిగాలితో కరగించి ఒకటిగా అతుకవచ్చును. దీనికి ఆ వీలు లేదు. దేనివలన ఇది మన్నికైనదో దానివలననే దీనిని అతుకుట కష్టము. మొదట నియోప్రీను జిగురులు వాడిరి. అవి నీటికి ఎక్కువకాలము నిలువలేదు. పిమ్మట బ్యూటైలు జిగురులు వచ్చినవి. 1980, 1990 దశకములలో రెండు ముఖములను అంటుకొను పట్టీలు వచ్చి పనిని సుగమము చేసినవి. అయినను ఒక మెళకువ ఉన్నది. చుట్టలో పొరలు ఒకదానికొకటి అంటకుండుటకు కర్మాగారమున పట్టాపై మెత్తని పొడిని చల్లుదురు. పనివాడు అంచును శుభ్రముగా తుడిచి, ప్రైమరు పూసి, ఆరనిచ్చి అంటింపవలెను. తొందరపడి తుడువకుండ అంటించినచో జిగురు పట్టుకొనునది రబ్బరును గాదు, పొడిని. ఆ అతుకు మొదటి సంవత్సరము బాగుండును. అందులకే అది ప్రమాదకరము.

అతుకులకంటె చిక్కైనవి మూలలును గొట్టములును. పిట్టగోడ మూలలో, నీటి తొట్టి గొట్టము కప్పును తొలుచుకొని దిగుచోట, ముడులు పడని మెత్తని రబ్బరు ముక్కను వాడుదురు. అది మైనమువలె ఏ ఆకారమునకైనను వంగి, ఆపై ఎండకు తానే క్రమముగా గట్టిపడును. పట్టాలోని నూనె క్రమముగా తగ్గి అది కొంత కుంచించుకొనుటయు కలదు. అంచులను గట్టిగా బిగింపనిచో పిట్టగోడ పాదమున పట్టా గుడారమువలె పైకి లేచును. పెట్రోలు, డీసెలు, హోటలు వంటగది పొగగొట్టమునుండి వచ్చు జిడ్డు దీనికి సరిపడవు. తగిలినచోట పట్టా ఉబ్బి మెత్తబడును.

పట్టాను నిలుపు పద్ధతులు మూడు. జిగురుతో అంటించుట, మేకులతో బిగించుట, వదులుగా పరచి గులకరాళ్ళు పోయుట. గులకరాళ్ళ పద్ధతికి చదరపు మీటరునకు సుమారు 50 కిలోల రాయి కావలెను. ఇది చౌక. కాని మన కోస్తా జిల్లాలకు దీనిని నేను సిఫారసు చేయను. గాలి కప్పుమీదుగా వేగముగా పోవునప్పుడు కప్పును పైకి పీల్చును. మూలలయందు ఆ పీల్పు మరింత ఎక్కువ. 1983 ఆగస్టులో అమెరికాలోని హూస్టను నగరమున అలీషియా తుపానునకు కప్పులమీది గులకరాళ్ళు ఎగిరి ఎత్తైన భవనముల అద్దములను పగులగొట్టినవి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమునకు చేసిన నష్టమును చూచినవారికి ఇంతకన్న చెప్పనక్కరలేదు.

మరొక విషయము. పాశ్చాత్యదేశములలో చదునుకప్పు ఎవరును ఎక్కని స్థలము. మనకు మిద్దె ఇంటిలో ఒక గది. వడియములు పెట్టుదుము, మిరపకాయలు ఎండబెట్టుదుము, వేసవిలో మంచములు వేసికొని పండుకొందుము. ఇనుపకోళ్ళ మంచమును ఒకసారి ఈడ్చినచో 1.5 మిల్లీమీటర్ల పట్టాకు రంధ్రము పడును. వదులుగా పరచిన పట్టాలో రంధ్రము ఒకచోట, కారుట వేరొకచోట. అడుగున నీరు స్వేచ్ఛగా ప్రాకును. కావున మెట్లుండి మనుష్యులు తిరుగు మిద్దెకు ఉత్త పట్టా తగదు; పైన రక్షణగా ఒక బట్టపొర పరచి పలకరాళ్ళు వేయవలెను. ఎవరును ఎక్కని కప్పులకు, కర్మాగారములకు, ఆసుపత్రులకు, గోదాములకు ఇది సహజమైన వస్తువు. చిన్న ఇంటివారు శ్లాబునకు వాలు సరిచేసి, తూములు శుభ్రముగా ఉంచి, పగుళ్ళను తెరచి పూడ్చినంతనే చాలమారులు పని తీరును.

పట్టా వేయింప నిశ్చయించినవారు మూడు సంగతులు తామే చూచుకొనవచ్చును. మొదటిది తడి. తడిసిన శ్లాబుపై పట్టా అంటించినచో, లోపలి నీరు ఎండకు ఆవిరియై పట్టాను బొబ్బలుగా లేపును. అడుగున్నర చదరపు పాలిథీను ముక్కను శ్లాబుపై నాలుగంచులును పట్టీతో అంటించి పదునారు గంటలు ఉంచుడు. తీసి చూచినప్పుడు అడుగున చెమ్మ కనబడినచో పనిని వాయిదా వేయుడు. రెండవది వాలు. అడుగునకు పావు అంగుళము పల్లము తూమువైపు ఉన్న మేలు. నిలిచిన నీరు పట్టాను ఏమియు చేయదు గాని అతుకును పరీక్షించుచుండును. మూడవది పనివాడు. పట్టా ఏ కంపెనీదని అడుగుటకంటె, అంచులను దేనితో తుడుతువు, ప్రైమరు ఎంతసేపు ఆరనిత్తువు, గొట్టములకడ ఏమి చేయుదువు అని అడుగుడు. జవాబు తడుముకొనకుండ వచ్చినచో పని ఇయ్యవచ్చును.

పని ముగిసిన పిమ్మట తూములను మూసి మిద్దెపై రెండంగుళముల నీరు నిలుపుడు. చదరపు మీటరునకు ఇది 50 కిలోల బరువు. కనుక పాత మిద్దెయైనచో ముందుగా ఇంజనీరును అడుగవలెను. నలుబదియెనిమిది గంటలు గడచిన తరువాత క్రింది గదులలో ప్రతి మూలను, ప్రతి గొట్టము చుట్టును చేతితో తడిమి చూడుడు. సౌరయంత్రమునకో డిష్ యాంటెనాకో మరునాడు వచ్చు పనివాడు మేకు కొట్టకుండ చూచుకొనుటయు ఇంటివారి పనియే.